పాదరక్షా, పాదభారమా?

‘పాదరక్ష’ అనే మాటలో రక్షణ ఉంది గాని భారం లేదు. ఎందుచేతనో కొండదారులు పట్టే మనవాళ్లకు ఈ రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. అడవికి బయలుదేరుతున్నామనగానే చీలమండలు దాటి పైకి వచ్చే తోలు బూట్లు కొనడం ఆచారమైపోయింది. ఎంత బరువైతే అంత భద్రమని దుకాణదారు సెలవిస్తాడు, మనం తల ఊపుతాం.

వీపు మీద ఏడెనిమిది కిలోలకు మించని సంచితో రెండు మూడు రోజులు నడిచేవారికి ఈ ఆచారం అనవసరమని నా అభిప్రాయం. కాలిబాటల మీద పరుగుకోసం చేసే తేలికపాటి బూట్లు, అంగట్లో ట్రెయిల్ రన్నింగ్ షూస్ అనేవి, వారికి చాలు. చాలడమే కాదు, మేలు కూడాను.

కారణం సులభగ్రాహ్యమే. వీపు మీది బరువు మనతోపాటు సాగిపోతుంది. కాలి బరువును మాత్రం అడుగడుగునా ఎత్తాలి, ముందుకు విసరాలి, ఆపాలి. పాదాల మీది కిలో బరువు వీపు మీది నాలుగైదు కిలోలంత శ్రమ కలిగిస్తుందని అమెరికా సైనిక పరిశోధకులు 1969లోనే లెక్కగట్టారు. తోలు బూట్ల జత కిలోంబావు ఉంటే, తేలిక జత ఆరువందల గ్రాములుంటుంది. ఆ తేడా వీపు మీద సుమారు మూడు కిలోలకు సమానం. సంచిలో రెండో చొక్కా ఉంచాలా వద్దా అని గంటసేపు తర్కించే మనం ఈ మూడు కిలోల ఊసెత్తం!

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికన్ అవ్వ అరవై ఏడేళ్ల వయసులో మూడువేల కిలోమీటర్లు దాటిన అపలేచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచి ముగించింది. కాళ్లకు గుడ్డబూట్లు, భుజాన సొంతంగా కుట్టుకున్న సంచి. అంతే.

‘వాగులో తడిస్తే?’ అంటారు. తడవనివ్వండి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని సన్నిధికి పోయే దారిలో భవనాశిని నీళ్లు, తడిరాళ్లు మామూలే. వల వంటి గుడ్డతో చేసిన బూటు నడుస్తుండగానే ఆరిపోతుంది. నీరు చొరని పొర ఉన్న బూటులోకి పైనుంచి ఒకసారి నీరు దిగితే మరి బయటికి పోదు. మన ఎండలకు చెమటా అంతే.

అయితే మంచు మీద నడవాలన్నా, ఇరవై కిలోల మోత మోయాలన్నా, చీలమండకు పాత దెబ్బ ఉన్నా గట్టి బూటే శరణ్యం. తేలిక బూటు ఎక్కువకాలం మన్నదు కూడా. అయిదారువందల కిలోమీటర్లకే అడుగు అరగడం మొదలవుతుంది. ఆ మాట దాచడం న్యాయం కాదు.

ఎంపికలో పేరుకన్నా పాదమే ప్రమాణం. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంకాలం దుకాణానికి వెళ్లండి. నడకలో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడులో గోళ్లు నల్లబడతాయి. మడమ జారకూడదు. అడుగున పట్టునిచ్చే బుడిపెలుండాలి, రాయి గుచ్చుకోనంత దళసరి ఉండాలి. మడమ ఎత్తు బొత్తిగా లేని రకమైతే పిక్కలకు కొన్ని వారాలు అలవాటు చేయనిదే కొండకు తీసుకుపోవద్దు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాతో పనిచేసిన లెక్కల మాస్టారొకరు పిల్లలు కొనిచ్చిన బరువు బూట్లతో రెండుసార్లు కొండెక్కి, కాళ్లు పొక్కులెక్కి, ‘ఇక వయసైపోయింది’ అని నడకే మానుకున్నారు. కరిచింది చెప్పు, నింద వయసుకు! అరవై దాటినవారికి నడక మానడమంటే ఊరి వెలుపలి లోకాన్ని మానడమే. ఆ తీర్పు ఇచ్చుకునే ముందు కాళ్లకున్న బరువును ఒక్కసారి తూచి చూడమని నా మనవి.

మీలో కొండలెక్కే అలవాటున్నవారు ఏమంటారు?