ఇంజిన్ ఫ్రీనే.. షరతులు చూశారా?

సెలవుల్లో సొంతంగా ఓ గేమ్ చేద్దామని కూర్చునేవాళ్లలో చాలామంది యూట్యూబ్‌లో ముందు ఏది కనిపిస్తే ఆ ఇంజిన్‌నే డౌన్‌లోడ్ చేసేస్తారు. ఫ్రీ అని ఉంటే చాలు, ఇంకేం చూడరు. ఫ్రీ వేరు, ఓపెన్ సోర్స్ వేరు. ఆ తేడా 2023 సెప్టెంబరులో బాగా తెలిసొచ్చింది. ఆదాయం, ఇన్‌స్టాళ్లు ఒక పరిమితి దాటిన గేమ్‌లకు ఇన్‌స్టాల్‌కు ఇంత అని వసూలు చేస్తామని యూనిటీ ప్రకటించింది. సరదాకి చేసుకునేవాళ్లకు ఆ దెబ్బ తగిలేది కాదు. కానీ ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకున్న చిన్న స్టూడియోలు గగ్గోలు పెట్టాయి. ఏడాది తర్వాత సంస్థ వెనక్కి తగ్గి, ఆ రుసుము ఎత్తేసింది. అయినా గేమ్ మనదే గానీ దాని కింది నేల మనది కాదన్న సంగతి అందరికీ అర్థమైపోయింది.

అన్‌రియల్ కూడా ఓపెన్ సోర్స్ కాదు. ఒక గేమ్ మీద 10 లక్షల డాలర్లు దాటితే రాయల్టీ కట్టాలి. అంత వస్తే కట్టడానికి మనకేం బాధ లెండి! అసలు చిక్కు మన పాత ల్యాప్‌టాప్‌తోనే. పదుల జీబీల ఇంజిన్‌ని అది మోయలేదు.

హాబీ ప్రాజెక్టుకైతే మా ఓటు గోడోకే. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మాన్జుర్ మొదలుపెట్టిన ఈ ఇంజిన్ 2014లో ఎంఐటీ లైసెన్సుతో బయటికొచ్చింది. రాయల్టీ లేదు. ఇప్పుడు మీ దగ్గరున్న వెర్షన్‌పై రేపు ఎవరూ కొత్త షరతు పెట్టలేరు. ఇన్‌స్టాలేషన్ తతంగం లేదు, జిప్ విప్పి నడపడమే. దాని జీడీస్క్రిప్ట్ చూడ్డానికి పైథాన్‌లా ఉంటుంది. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు కంపాటిబిలిటీ రెండరర్ ఎంచుకుంటే పాత మెషిన్‌పైనా లాగించొచ్చు.

మరి ఉద్యోగం? దాచడమెందుకు, మన స్టూడియోల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేవి యూనిటీ, అన్‌రియల్ పేర్లే. ఫైనల్ ఇయర్‌లో ఉండి గేమ్ కంపెనీలోనే చేరాలనుకుంటే మొహమాటం లేకుండా యూనిటీ పట్టుకోండి. మిగతావాళ్లకు తొందరేం లేదు. కొలిజన్లు, స్టేట్ మెషిన్లు, గిట్ వాడకం ఎక్కడ నేర్చుకున్నా ఒకటే. ఏ ఇంజిన్ అయినా సగంలో ఆపేసిన పెద్ద గేమ్ కంటే పూర్తయిన చిన్న గేమ్ నయం.

ఒక జాగ్రత్త. గోడో 4లో సి షార్ప్ గేమ్‌లకు వెబ్ దారి మూసుకుపోయింది, కాబట్టి జీడీస్క్రిప్ట్‌లోనే రాయండి. బ్రౌజర్‌లో ఆడేలా ఇచ్.ఐఓలో పెట్టి, ఆ లింకు రెజ్యూమెలో ఇవ్వండి. ఏపీకే దించుకుని ఇన్‌స్టాల్ చేసుకోమంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది?