క్షమించండి, లెక్కా అడగండి

క్రైస్తవ సంఘంలో తగాదా మొదలైతే కమిటీ పెద్దల నోట ముందుగా వచ్చేది క్షమాపణ మాటే. అయిందేదో అయింది, క్షమించి కలిసి సాగుదాం అంటారు. లెక్కలు అడిగినవాడికి అది నోరు మూసుకొమ్మన్నట్టే వినిపిస్తుంది. నిజామాబాద్, బోధన్ సంఘాలకు ఇదేం కొత్త కాదు. ఆ సంఘాలున్న మెదక్ అధ్యక్ష మండలం ఏ సీఎస్ఐలో భాగమో, ఆ సీఎస్ఐ ఎలా ఏర్పడిందో ఓసారి తిరగేస్తే మంచిది.

సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో మొదలైన మాటలు తెగడానికి 28 ఏళ్లు పట్టింది. అందులో ముందు నిలిచిన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఫలితం చూడకుండానే 1945లో కన్నుమూశారు. చివరికి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి దక్షిణ భారత సంఘం (సీఎస్ఐ) అయ్యాయి. పేచీ ఎక్కడంటే, బిషప్ చేతులుంచి అభిషేకించని గురువు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా అన్నచోట. నిజామాబాద్ వైపు పనిచేసిన వెస్లియన్ మెథడిస్టులకు అసలు బిషప్పులే లేరు. వాళ్ల గురువులకు మళ్లీ అభిషేకం అంటే అంతవరకు చేసిన సేవ వట్టిదని తేల్చడమే. అందుకే ఆ ప్రశ్నను తేల్చకుండా వదిలేశారు. ఉన్న గురువులను ఉన్నట్టే తీసుకున్నారు. కొత్తవారికి మాత్రం బిషప్ అభిషేకం తప్పనిసరి చేశారు. మనస్సాక్షి ఒప్పని గురువును ఏ సంఘం మీదా రుద్దబోమని మాటిచ్చారు. సర్దుబాటుకు 30 ఏళ్ల గడువు పెట్టుకున్నారు. అయినా నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది బయటే ఉండిపోయారు.

అంతకుముందే ఇక్కడ ఇంకో పాఠం ఉంది. 1915లో నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చింది హిందువైన రాజా నర్సాగౌడ్. సొంతవాళ్లే గడప తొక్కనివ్వని మనిషికి మంచం, మందు, కట్టు దొరికిన చోటు అది. ఎవరి దేవుడు గొప్ప అన్న వాదన తెగేదాకా ఆగి ఉంటే పునాది పడేదే కాదు.

అయితే పక్కన పెట్టాల్సింది పంతాలను, నేరాలను కాదు. ఒడిశాలో కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులను 1999 జనవరిలో సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పి, ఆ సేవ వదలక ఆ తర్వాత కొన్నేళ్లు అక్కడే ఉండిపోయారు. విచారణ ఆగలేదు, ప్రధాన నిందితుడు దారాసింగ్‌కు శిక్ష పడింది. ఆమె క్షమ కోర్టు పనికి అడ్డు రాలేదు, కోర్టు తీర్పు ఆమె క్షమను చిన్నబుచ్చనూ లేదు. పైగా క్షమించే హక్కు దెబ్బతిన్నవాళ్లది. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి వీధిన పడ్డ కార్మికుడికి, జీతమూ బకాయీ సంగతి ఎత్తకుండా క్షమ గురించి బోధించడం ఏం భక్తి?

కమిటీ ఎన్నికల్లో మాల, మాదిగ లెక్కలు చూసుకుని, ఓడినవాళ్లను ప్రభు బల్ల దగ్గర పలకరించని సంఘాలున్నాయి. అక్కడ వదులుకోవాల్సింది ఆ పగ. సంఘం భూమి ఎవరికి, ఎంతకు లీజుకిచ్చారన్నది మాత్రం సర్వసభ్య సమావేశంలో పైకి చదవాల్సిందే. అడిగినవాడిని విశ్వాసం లేనివాడనడం మానుకుంటే సగం కేసులు కోర్టు మెట్లెక్కవు. మిగతా సగం ఎక్కితే ఎక్కనీండి, వాది ప్రతివాదులిద్దరికీ ఆదివారం సంస్కారం ఒకే బల్ల మీద ఇవ్వగలిగితే చాలు.