పద్యమెవరిదో పాత్ర వారిది

పద్యనాటకమును చలనచిత్రముగా మలచబూనిన నిర్మాతలు మొదట వేషమునకు తగిన ముఖమును వెదకుదురు. ముఖము కుదిరి, పారితోషికము తెగి, ముహూర్తము నిశ్చయమైన పిదపనే పద్యములు ఎవరిచేత పాడింపవలెనను ప్రశ్న తలయెత్తును. సాంఘిక చిత్రమునకు ఈ వరుస చెల్లవచ్చును గాని, పాండవోద్యోగ విజయములకును, సత్యహరిశ్చంద్రీయమునకును, చింతామణికిని చెల్లదు. ఏలయన, ఆ నాటకములలో పాత్ర పద్యమునుండి పుట్టినది. పద్యమును పట్టగలవానికే పాత్ర పట్టువడును. కావున నాటకమును తెరకెక్కింపదలచినవారు ముందు పద్యము చెప్పగల నటుని ఎన్నుకొనవలెను. అట్టివాడు దొరకనిచో పద్యమును పూర్తిగా విడిచి, కథను సినిమాకు అనువైన మరియొక త్రోవలో నడుపవలెను. ఈ రెంటికిని నడుమ నిలిచిన చిత్రము నాటకమునకును చెడి, సినిమాకును చెడును.

విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు ప్రాంతముల పల్లెలలో మామిడికాయ కోతకు రాకమునుపు, శివరాత్రికో శ్రీరామనవమికో పద్యనాటకము ఆడించుట పాత ఆచారము. ఆ రాత్రులలో ‘కురుక్షేత్రము’నకు ఒక్క కృష్ణుడు చాలడు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారమునకు మరియొక కృష్ణుడు. హరిశ్చంద్ర నాటకమైనచో వారణాసి ఘట్టమునకు ఒకరు, కాటిసీనుకు ఒకరు. పడకసీను కృష్ణుడు బక్కపలుచనివాడై, రాయబారపు కృష్ణుడు స్థూలకాయుడైనను, చాపమీద కూర్చున్న ప్రేక్షకునకు అది లెక్కలోని విషయము కాదు. నటుడు తెరప్రక్కనుండి వచ్చి, హార్మోనిస్టువైపు ఒకమారు చూచి, శ్రుతి అందుకొని, మైకునకు బెత్తెడు దూరమున నిలిచి పద్యము ఎత్తుకొనును. మొదటి మూడు పాదములు మాట స్పష్టముగ సాగి, నాలుగవ పాదము తుదను రాగము విచ్చుకొనగానే, హార్మోనిస్టు అతనిని వెన్నంటి ఒక్కొక్క సంగతికి బదులు చెప్పుచుండ, జనములోనుండి ‘వన్స్‌మోర్’ అను కేక లేచును. చచ్చిపడిన పాత్రధారి సైతము లేచి ఆ పద్యమును మరల పాడిన సందర్భములు కలవని చెప్పి నవ్వుకొనువారు నేటికిని ఉన్నారు. ఒక పెద్దమనిషి వేదిక యెక్కి నటుని ఉత్తరీయమునకు నోటు గుచ్చి దిగును. ఆ నోటు ముఖమునకు గాదు, పద్యమునకు.

రంగస్థలపు న్యాయము ఇందులోనే కలదు. పాత్రను ఘట్టములవారీగా పంచుకొనుట అచ్చట తప్పు కాలేదు. కాని ఏ ఘట్టములోనైనను దేహమును గొంతును వేరుచేయుట మాత్రము లేదు. సినిమా ఈ న్యాయమును తిరుగవేసినది. ఆద్యంతము ఒక్క ముఖమే ఉండవలెనన్నది. ఆ ముఖమునకు గొంతు మాత్రము వేరొకరిది కావచ్చునన్నది. నాటకమునుండి సినిమాకు జరిగిన మార్పులలో దృశ్యబంధములకన్న, నిడివికన్న, సంభాషణల కుదింపుకన్న ఇదియే పెద్దది.

తొలి దినములలో ఈ చీలిక లేదు. నేపథ్యగానము రాకమునుపు పాడగలవాడే నటుడు గనుక, టాకీలకు నటీనటులు నాటకసమాజములనుండియే తరలిరి. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున వెలువడిన భక్తప్రహ్లాదలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి సురభి నాటక కుటుంబములలో పెరిగినది. మన ప్రాంతమునకు దాపుననున్న మైలవరములో జమీందారుల పోషణమున వెలసిన నాటకసమాజము, పాపట్ల కాంతయ్య కట్టిన బాణీలతో ఆంధ్రదేశమంతట పేరు పొందెను. ఆ సమాజములో ఆరితేరిన యడవల్లి సూర్యనారాయణ 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణము చిత్రమున దుర్యోధనుడయ్యెను. అదే సంవత్సరమున అదే కథతో ద్రౌపదీ మానసంరక్షణము పోటీగా వచ్చినది. అందు దుర్యోధనుడు సాక్షాత్తు బళ్ళారి రాఘవ. రాగాలాపనకన్న భావప్రకటనకు ప్రాముఖ్యమిచ్చిన ఆ మహానటుని చిత్రము ఓడిపోయెను, యడవల్లివారి చిత్రము నెగ్గెను. ఒక్క గెలుపోటములనుబట్టి సిద్ధాంతము చేయరాదు గాని, ఆనాటి ప్రేక్షకుడు తెరముందర కూర్చుండియు చెవితోనే నాటకమును చూచుచుండెనని ఊహించుటకు ఇది చాలును.

నేపథ్యగానము వచ్చి పద్యమును చెరిచినదని కొందరు పండితులు నిట్టూర్చుట వినుచుందుము. నేను అట్లనను. ఘంటసాల చేసిన పనిని తలచుకొన్నవారెవ్వరు అట్లనజాలరు. రంగస్థలముపై తెల్లవార్లు సాగెడి నాటకమున రాగమునకు ఎంత చోటైనను కలదు. మూడుగంటల చిత్రమున లేదు. ఆయన రాగమును కుదించి, పదమును విడమరచి, యతిస్థానమున తెలిసీ తెలియనట్లు ఆగి, పద్యమును పాటగా గాక పాత్ర యొక్క మాటగా వినిపించెను. 1965 నాటి సత్యహరిశ్చంద్రలో కాటిసీను చూచినచో ఇది తెల్లమగును. అచ్చటి జాషువా పద్యములు అసలు నాటకకర్తవి కావు. శ్మశానమునుగూర్చి వేరుగా పుట్టిన ఖండకావ్యమునుండి నటులు తెచ్చి బలిజేపల్లివారి నాటకమున చేర్చుకొనగా, జనము హర్షించి స్థిరపరచిన పద్యములు. వానిని తెరపై ఘంటసాల పాడ, రామారావు నటించెను. గొంతొకరిది, దేహమొకరిది, అతుకు మాత్రము కానరాదు. కారణము, కళాశాల దినములనుండి నాటకములాడిన రామారావునకు పద్యమున ఊపిరి ఎచ్చట తీయవలెనో, ఎచ్చట బిగబట్టవలెనో తెలియుట. ఆ చిత్రముననే చంద్రమతి వేషము ధరించిన ఎస్. వరలక్ష్మి తన పద్యములు తానే పాడుకొన్నది. ఆమె ముఖమున కంఠనాళము కదలుటకును, వినబడు స్వరమునకును వెంట్రుకవాసి ఎడము లేదు.

నూజివీడు తోటలవారికి ఈ మర్మము వేరుగ చెప్పనక్కరలేదు: టెంకమొక్కకు రసాల కొమ్మను అంటుగట్టినప్పుడు కాపు రసాలదే యగును గాని, వేరు సత్తువలేనిదైనచో ఆ అంటు నిలువదు. పరుల గొంతును ధరింపవలెనన్నను నటునకు పద్యపు వేరు ఉండవలెను. నేటి పౌరాణిక చిత్రములలో లోపించినది ఇదియే. పెదవులు కదలును, ప్రక్కటెముకలు కదలవు. దీర్ఘము సాగుచుండగా కన్నులు మరియెచ్చటనో ఉండును.

ఇంక రంగస్థల నటుని ఉన్నదున్నట్లు తెచ్చి కెమెరా ముందు నిలిపిన చాలునా యనిన, అదియును చాలదు. స్థానం నరసింహారావు సత్యభామ వేషము ఆంధ్రుల రంగస్థల చరిత్రలో ఒక శిఖరము. కాని పురుషుడు స్త్రీగా నడచుటలోని ఆ మాయ గ్యాసులైట్ల దూరమున పండునది. ముఖమును గోడంత చేసి చూపు తెరమీద నిలుచునది కాదు. 1966లో కమలాకర కామేశ్వరరావు శ్రీకృష్ణ తులాభారమును తీసినప్పుడు సత్యభామగా జమునను ఎన్నుకొని, స్థానంవారు నాటకముకొరకు తామే కూర్చుకొని పాడిన పాటను మాత్రము విడువక సుశీలచేత పాడించెను. ఆ పాటలోని గర్వమును, వయ్యారమును జమున తన మెడ త్రిప్పులోనికి తెచ్చుకొన్నది. వేషధారి మారినను, వేషమునకు ప్రాణమైన పాట మారలేదు. ఎన్నిక యనగా ఇది. 1960 నాటి శ్రీకృష్ణ రాయబారమున ఈలపాట రఘురామయ్య కృష్ణుడు. ఆయనకు అప్పటికే అరువది దగ్గరపడినది. కన్ను ఆ వయస్సును గుర్తించును, చెవి మన్నించును. కన్నును చెవిని తూకము వేయుటయే దర్శకుని పని. మన దర్శకులు తక్కెడలో కన్నునే వేసి చెవిని మరచుచున్నారు.

పద్యమును విడిచి గెలిచిన త్రోవకు మాయాబజారును మించిన సాక్ష్యము లేదు. శశిరేఖాపరిణయ కథ సురభివారి వేదికలమీద ఎన్ని రాత్రులు ఆడినదో లెక్కలేదు. 1936లోనే ఒకమారు తెరకెక్కినది. 1957లో కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావులు దానిని చేపట్టి, నాటకపు పద్యభారమును దాదాపుగ దింపివైచి, హాస్యమును, పాటను, కెమెరా మాయను నమ్ముకొనిరి. ఎన్నికయు దానికి తగినట్లే సాగినది: శశిరేఖ రూపమున నున్న ఘటోత్కచునిగా సావిత్రి భుజములు ఎగురవేసి నడచినపుడు ఘటోత్కచ పాత్రధారి రంగారావు కానరాకయే కానవచ్చును. ఇది గొంతుచేత గాక దేహముచేత సాధించిన ఫలము. పద్యమును వదలినను వారు సగము వదలలేదు. దాదాపుగ మొత్తము వదలి, దాని స్థానమున మరియొక కళను నిలిపిరి.

ఇతర దేశములవారును ఈ చిక్కును ఎరుగుదురు. ‘మై ఫెయిర్ లేడీ’ 1956లో న్యూయార్కు రంగస్థలమున ఆడినపుడు నాయిక జూలీ ఆండ్రూస్. 1964లో సినిమా తీసినపుడు, ఆమె ముఖము సినీ ప్రేక్షకులకు తెలియదని ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసికొని, పాటలలో అధికభాగము మార్నీ నిక్సన్ గొంతున పలికించిరి. ఆ సంవత్సరపు చిత్రములలో ఉత్తమనటిగా ఆస్కారు పొందినది మాత్రము వేరొక చిత్రమున నటించిన ఆండ్రూసే. దరిమిలా 2012లో టామ్ హూపర్ ‘లే మిజరాబ్ల్’ తీయుచు నటులచేత చిత్రీకరణ స్థలముననే పాడించెను. వారి చెవిలో పియానో మాత్రము వినిపించి, వాద్యబృందమును తరువాత చేర్చెను. కొందరి గొంతులు బలహీనములైనవని విమర్శ వచ్చినను, శ్వాసయు శోకమును ఒకే దేహమునుండి వచ్చుటలోని బలము దాచినను దాగలేదు. పద్యమునకు ఈ పద్ధతి మరింత అనువైనది. హార్మోనియపు శ్రుతి ఒక్కటి చెవిలోనుండిన మన నటునకు చాలును.

రంగస్థల నటునకు గిరాకి లేదనియు, కోట్ల పెట్టుబడికి తెలిసిన ముఖము కావలెననియు నిర్మాతలు చెప్పుదురు. పెట్టుబడి మాట కాదనలేను. కాని తెలిసిన ముఖమునే తీసికొనినను, ఆ నటుని చిత్రీకరణకు ముందే ఒక హార్మోనిస్టు ఎదుట కూర్చుండబెట్టి, పద్యములు కంఠస్థము చేయించి, బిగ్గరగా చెప్పించుటకు అడ్డేమి? కత్తిసాముకు, గుఱ్ఱపుస్వారికి నెలల శిక్షణ ఇప్పించువారు పద్యమునకు పూటయైనను ఇయ్యరు. రెండవ వరుస వేషములు, అనగా సాత్యకి, నక్షత్రకుడు, కాలకౌశికుడు, భవానీశంకరుడు వంటివి, నంది నాటకోత్సవములలోను పరిషత్తులలోను బహుమతులు గెలిచిన నటులకు ఇచ్చుటకు ఏ ముఖపు గిరాకియు అడ్డురాదు. నాటకమునుండి ఏ పద్యము ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో నిర్ణయించునపుడు, ఏ పద్యమునకు ఎచ్చట ‘వన్స్‌మోర్’ పడునో ఎరిగిన వృద్ధనటుని ఒకరిని రచయిత ప్రక్కన కూర్చుండబెట్టుట పెద్ద వ్యయమును కాదు.

ఇట్లు చేయుటకు ఓపికలేని నిర్మాత పద్యనాటకము జోలికి పోకుండుట మేలు. కథలకు కొరత లేదు. ఓపిక యున్న నిర్మాత మాత్రము వేషపరీక్షకు పిలిచిన నటుని కిరీటము పెట్టి చూడకమునుపు ఒక పద్యము అడుగవలెను. చెప్పగలిగినచో కిరీటమునకు కొలతలు తీసికొనవచ్చును.