ఆరాధన ప్రసారానికి ఏ క్యాప్చర్ కార్డు?

2020లో కోవిడ్ కారణంగా మందిరాల తలుపులు మూతపడినప్పుడు, అమెరికాలోని తెలుగు క్రైస్తవ సంఘాలు అనేకం తమ ఆరాధనలను ఇంటర్నెట్ ద్వారా ప్రసారం చేయనారంభించాయి. తలుపులు తెరుచుకున్న తరువాత కూడా పలుచోట్ల ఆ ప్రసారాలు కొనసాగుతూనే ఉన్నాయి. ఇది హర్షించదగిన విషయం. చలికాలంలో షికాగోలో ఆదివారం ఉదయం 10 గంటలైతే, గుంటూరులో రాత్రి 9.30. మనుమరాలి బాప్తిస్మం చూడాలని నిద్ర ఆపుకొని కూర్చున్న అమ్మమ్మకు బొమ్మ నిలిచిపోయి, మాట తెగిపోతే, ఆ ఘడియ మళ్లీ రాదు. అందుచేత క్యాప్చర్ కార్డు ఎంపికను చిన్న విషయంగా భావించరాదు.

కెమెరా పంపే సంకేతాన్ని కంప్యూటరు గ్రహించగల రూపంలో అందించేదే ఈ కార్డు. కొనేటప్పుడు మనవారు మొట్టమొదట చూసేది పెట్టెమీది '4కె' అనే మాటను. నా అభిప్రాయంలో అది చిట్టచివర చూడవలసినది. ఒక రసాయన చర్య వరుసగా అనేక దశలలో జరిగేటప్పుడు, అతి మందమైన దశే మొత్తం చర్య వేగాన్ని నిర్ణయిస్తుంది. తక్కిన దశలను ఎంత వేగిరపరచినా ప్రయోజనం ఉండదు. కెమెరా, కేబుల్, కార్డు, కంప్యూటరు, ఇంటర్నెట్ అనే ఐదు దశల ఈ ప్రసారానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

ఒక లెక్క చూద్దాం. 1920 × 1080 చుక్కల చిత్రాలను సెకనుకు 30 చొప్పున, చుక్కకు 16 బిట్లతో పంపాలంటే సెకనుకు దాదాపు 100 కోట్ల బిట్లు ప్రవహించాలి. యు.ఎస్.బి. 2.0 గరిష్ఠ వేగం 48 కోట్లే కనుక, ఆ పోర్టుకు తగిలించిన కార్డు చిత్రాన్ని కుదించక తప్పదు. యు.ఎస్.బి. 3.0 వేగం 500 కోట్లు. ఇక ఇంటర్నెట్‌లోకి మనం పంపేది, కుదించిన పిదప, సెకనుకు 50 లక్షల బిట్లు మాత్రమే. అటువంటప్పుడు 4కె కోసం అధిక ధర చెల్లించడం వృథా.

నిజంగా పరిశీలించవలసినవి వేరే ఉన్నాయి. కెమెరా హాలు వెనుక ఉంటే, 15 మీటర్లు దాటిన సాధారణ హెచ్.డి.ఎం.ఐ. కేబుల్‌ను నమ్మలేము, ఎస్.డి.ఐ. సంకేతం మంచి కేబుల్‌పై 60, 70 మీటర్లు సైతం పోగలదు. ఇండియా నుండి తెచ్చిన కెమెరా సెకనుకు 25 లేక 50 చిత్రాలకు అమర్చి ఉండవచ్చు. ఇక్కడి విద్యుత్తు 60 హెర్ట్‌జ్ కనుక, ఆ అమరికలో కొన్ని దీపాల క్రింద బొమ్మ మినుకుమినుకుమంటుంది. దానిని 30కి గాని 60కి గాని మార్చుకోవాలి. కెమెరా తెరపై కనిపించే బ్యాటరీ గుర్తు, అంకెలు ప్రసారంలోకి రాకుండా తొలగించే వీలున్నదో లేదో చూడాలి. కార్డు యు.వి.సి. ప్రమాణాన్ని పాటించేదైతే విండోస్, మాక్, లినక్స్‌లలో ప్రత్యేక డ్రైవరు లేకుండానే పనిచేస్తుంది. తయారీదారు సొంత డ్రైవరుపై ఆధారపడే కార్డు, విండోస్ కొత్త రూపం వచ్చిన నాడు మూగబోవచ్చు.

అన్నింటినీ మించినది శబ్దం. బొమ్మ కాస్త మసకబారినా వాక్యోపదేశం అందుతుంది. మాట వినబడకపోతే ఏమీ అందదు. కనుక కెమెరా మైకును నమ్ముకోక, హాలులోని మిక్సరు నుండే శబ్దాన్ని తీసుకోవాలి.

ఖర్చయ్యేది భక్తులిచ్చిన కానుకల సొమ్ము. వాపసు తీసుకునే దుకాణంలోనే కార్డు కొని, ఆదివారానికి ముందే ఒక సాయంత్రం పూర్తి నిడివి ప్రసారాన్ని పరీక్షించవలసిందిగా సంఘ పెద్దలకు నా మనవి. ఆ పరీక్షను ఇండియాలోని ఒక పెద్దవారి ఫోనులో చూపించి, వారికెలా వినబడుతున్నదో అడిగి తెలుసుకోవడం మరీ మంచిది.