కాలువలలో పడవలు మరల సాగవలయును

ధవళేశ్వరమున ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట గోదావరి జలములు పొలములకు పాఱుటయే కాక, ఆ కాలువల వెంట నావలును సాగినవి. ఆ ఆనకట్టను కట్టించిన కాటన్ దొర సేద్యమును రవాణాను వేఱుగా చూచినవాడు కాడు. ఈ దేశమునకు రైళ్లకంటె జలమార్గములే మేలని ఆయన కడదాక వాదించెను. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కృష్ణకావల కొమ్మమూరు కాలువ, పెదగంజాము కడ దానినందుకొను బకింగ్‌హామ్ కాలువ ఒకదానితో నొకటి కూడియుండుటచే, కాకినాడలో పడవకెక్కిన ధాన్యము సముద్రమున కాలిడకయే చెన్నపట్టణము చేరగలిగెడిది. గాలి కలిసివచ్చిన తెరచాప యెత్తియు, రానిచో గట్టునుండి త్రాడుతో లాగియు, గెడ వేసియు సరకు చేర్చిన ఆ పడవవారి శ్రమ అపారము. ఆ కాయకష్టము మరల రావలయునని నేను కోరను. యంత్రములున్న యీ కాలమున దాని యవసరమును లేదు.

ఈ కాలువలలో నీటిమట్టము మారుచోట పడవలను దాటించు లాకు పనిచేయు విధమును గమనించినవారికి మానవమేధపై గౌరవము కలుగకమానదు. దిగువనుండి వచ్చిన పడవ లోపలికి చొచ్చిన పిదప వెనుక తలుపులు మూసి, ఎగువ నీటిని మెల్లగా వదలినచో, టన్నులకొలది బరువుతో నా నావ తనంతట తానే పైకి లేచును. పడవలకు నీరు వ్యయమైన పైరుల గతి యేమని కొందఱు శంకింతురు. కాని పడవ నీటిని త్రాగదు, లాకునుండి విడిచిన నీరు దిగువ చేలకే చేరును.

ఒక అశ్వశక్తి రోడ్డుపై 150 కిలోలను, పట్టాలపై 500 కిలోలను, నీటిపై 4,000 కిలోలను లాగగలదనునది జలరవాణా నిపుణులు చిరకాలముగా చెప్పుచున్న లెక్క. వేగము పెరిగినకొలది నీటి నిరోధము మిక్కిలి హెచ్చును గనుక మందగమనమే యీ మితవ్యయమునకు మూలము. పాలు, చేపలు, వైద్యమునకు పరుగిడు రోగి మోటారుబండిలో పోవుట న్యాయమే. ఒక దినమాలసించినను చెడని సిమెంటు, బియ్యము, ఉప్పు, ఇసుక అదే రహదారిపై లారీలకెక్కి బస్సులకును బాటసారులకును ప్రాణభయము కలిగించుట మాత్రము మన యవివేకము.

2008లో ఈ కాలువల మార్గమును నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. సిమెంటు కర్మాగారముల సీమయగు ముక్త్యాలనుండి విజయవాడదాక, ఆ జలమార్గములో భాగమైన కృష్ణానదిలో పనులు 2017లో ఆరంభమైనవి. డెల్టా కాలువలలో మాత్రము పూడికయు గుర్రపుడెక్కయు పేరుకొని, పడవ దూరుటకు వీలులేని పొట్టివంతెనలు అడ్డుపడుచున్నవి. కావున ఇకమీదట ప్రధాన కాలువలపై కట్టు ప్రతి వంతెనకును పడవ పోవునంత యెత్తు విడువవలయుననియు, శిథిలమైన లాకుల తలుపులను ముందుగా బాగుచేయవలయుననియు ప్రభుత్వమును, జలవనరుల శాఖవారిని ప్రార్థించుచున్నాను.