ఏజెన్సీ అనే మాట వెనుక

"ఏజెన్సీలో పోస్టింగ్ పడింది" అని విశాఖ మైదానంలో తరచూ వింటాం. అరకు, పాడేరు, చింతపల్లి అన్నీ ఆ ఒక్క మాటలోకే వస్తాయి. ఆ మాట కొండలో పుట్టింది కాదు. 1839లో బ్రిటిష్ పాలకులు 24వ చట్టం తెచ్చి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించారు. గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించారు. ఏజెంటు ఏలే చోటు ఏజెన్సీ అయింది. మన్యానికి కాపలాదారు పేరు అంటుకుంది.

సరిహద్దు జనాన్ని ఎలా పట్టి ఉంచాలన్నది ఏలికలకు పాత చిక్కే. క్రీ.పూ. 200లో చైనాలో హాన్ చక్రవర్తి గావ్‌జు, షియోంగ్ను సంచారుల ముట్టడిలో చిక్కాడు. బయటపడ్డాక రాజకుటుంబం పిల్లనిచ్చి, ఏటా పట్టు, ధాన్యం, మద్యం పంపి శాంతి కొనుక్కునే పద్ధతి మొదలైంది. నైరుతి కొండల్లో తర్వాతి వంశాలు ఇంకో దారి పట్టాయి. స్థానిక దొరకే రాజముద్ర ఇచ్చి, వంశపారంపర్యంగా అతనిచేతే ఏలించాయి. ఆ దొరను 'తుసి' అన్నారు. మన ముఠాదారుకు దగ్గరి చుట్టం లాంటివాడు. కొన్ని ఊళ్లు కలిస్తే ముఠా. దాని పెద్ద కప్పం కట్టాలి, అలజడి రాకుండా చూడాలి.

దొర కొండవాళ్ల మనిషిగా ఉన్నంతకాలమే ఈ ఏర్పాటు నిలిచింది. గోదావరి జిల్లా రంపలో దొర అయిన మున్సబుదారు పన్నుల కోసం పీడించేవాడయ్యాడు. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకూ ఆంక్షలు వచ్చాయి. 1879 మార్చిలో పితూరీ లేచింది. విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ, పోడు పన్ను పెంచిన రేకపల్లికీ పాకింది. చైనాలోనూ అంతకుముందే యోంగ్‌జెంగ్ చక్రవర్తి తుసిలను తొలగించి అధికారులను దించితే, 1735లో గుయ్‌జౌ కొండల్లో మియావో జనం తిరగబడ్డారు. ఇక్కడ మళ్లీ 1922లో అడవి ఆంక్షలకూ, రోడ్డు పనుల వెట్టికీ విసిగిన మన్యం అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. గంటందొర, మల్లుదొర సోదరులు ఆయనకు కుడిభుజాలయ్యారు.

కానుక, దొర, అధికారి: సాధనాలు మారినా ఏలికల ప్రశ్న ఒక్కటే. కొండను మన తరఫున ఎవరు పట్టి ఉంచుతారు? కొండవాళ్లకేం కావాలని అడిగినవారు అరుదు.

మనకిప్పుడు అడిగే దారి ఉంది. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. అనంతగిరి మండలం నిమ్మలపాడు గనుల వివాదంలో, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికీ లేదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. 1996 పెసా చట్టం గ్రామసభకు గొంతునిచ్చింది.

2022లో పాడేరు కేంద్రంగా జిల్లా ఏర్పడి, అల్లూరి పేరు పెట్టుకుంది. ఆ పేరుకు తగినట్టు నడుచుకోవడం మిగిలింది. గనికైనా, ఆనకట్టకైనా, రిసార్టుకైనా కాగితాలు ముందు ఊరి రచ్చబండకు రావాలి. కువి భాష మాట్లాడే ఊళ్లో కువిలో చదివి వినిపించాలి. గ్రామసభ వద్దంటే ఆ మాట తీర్మానంలోకి ఎక్కాలి. ఫైలు అక్కడే ఆగాలి.