సంపాదకుని మాట: ఇప్పపువ్వు ఏరినట్టు

గోండుల దండారి పండుగ రోజులొస్తే ఉట్నూర్ ఏజెన్సీలో ఫోన్లన్నీ గుస్సాడీ నృత్యం వీడియోలతో నిండిపోతాయి. దీపావళి దాటాక అవి వాట్సాప్‌లో ఎక్కడో కిందికి జారిపోతాయి. దాచుకోవడం వేరు, దొరికేలా దాచుకోవడం వేరు.

వెబ్‌లో మన సంగతులకు కొదవ లేదు. 1940లలో మార్లవాయి ఊళ్లో ఉండి గోండుల జీవితాన్ని గ్రంథస్థం చేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర ఉన్నాయి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. గుస్సాడీ కళాకారుడు కనకరాజును 2021లో పద్మశ్రీ వరించింది. వీటి వివరాలన్నీ తలో దిక్కున ఉన్నాయి. పింటరెస్ట్, వేక్‌లెట్ లాంటి వేదికల్లో వాటిని అంశాలవారీగా పేర్చి నలుగురితో పంచుకోవచ్చు.

అయితే లింకులు కుప్ప పోస్తే సేకరణ కాదు. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరినట్టు చూసి ఏరాలి. ప్రతిదానికీ ఊరు, తేదీ, తీసినవారి పేరు, రెండు వాక్యాల వివరణ జతచేయాలి. దేవతల పూజలైతే ముందుగా ఊరి పటేల్‌ను, పెద్దలను అడగాలి. వారు వద్దంటే వదిలేయాలి.

పాఠకులకు ఒక్క మనవి: మీ ఫోన్‌లోని ఒక్క వీడియోకైనా ఊరి పేరు, తేదీ ఈ రోజే రాసిపెట్టండి. సేకరణ అక్కడే మొదలవుతుంది.